షుగర్ రాదని రాసిచ్చాను

డాక్టర్ల చేతిరాత ఎవరికీ అర్థం కాదని జనం నవ్వుకుంటారు. నా చేతిరాత అందరికీ అర్థమవుతుంది. మా నాన్న పక్కన కూర్చోబెట్టుకుని దిద్దించిన అక్షరాలవి. అప్పటికే దొరల కాలం నాటి మా కోటలాంటి ఇల్లు, గడీ, కూలిపోయింది, దాని దూలాలు కూడా ఒక్కొక్కటిగా అమ్ముడుపోయాయి. పొలాలు పోయాయి, పశువులు పోయాయి, పిలిస్తే పలికే మనుషులు పోయారు. "మనకు మిగిలింది మాట, రాత. ఆ రెండూ చెడగొట్టకు" అనేవాడు మా నాన్న. నేను ఆ రెండింటినీ ఒకేసారి, ఒకే వాక్యంతో చెడగొట్టాను. ఆ వాక్యం ఒక గొల్లవారి పిల్ల ప్రాణం మీదికి తెచ్చింది.

పిల్ల బతికింది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎవరూ కంగారుపడకుండా చదవాలని. ఒక ట్రస్టు వాళ్ళు కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేటల్లో చిన్న పిల్లల దవాఖానలు నడిపేవారు. 2001 నుంచి 2014 దాకా నేను ఆ మూడింట్లో పనిచేశాను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఏ సన్మానంలో ఏ శాలువా కప్పారో కొత్తగా చేరే పిల్లల డాక్టర్లకు అక్కరలేదు. ఒక చుక్కల మందు సీసా నాకు నేర్పిన పాఠం మాత్రం అక్కరకొస్తుంది.

కోదాడలో దొడ్డికాళ్ళ పిల్ల

కోదాడలో చేరిన మొదటి ఏడాది ఒక టైలరు తన మనవరాలిని ఎత్తుకుని వచ్చాడు. రెండేళ్ళ పిల్ల. కాళ్ళు రెండూ బయటికి వంగి, నిలబడితే మధ్యలోంచి బంతి దొర్లిపోయేలా ఉన్నాయి. నీళ్ళలో ఫ్లోరైడు వల్ల అని ఊళ్ళో అందరూ తేల్చేశారు. మా జిల్లాలో కాళ్ళు వంకరపోతే ఎవరైనా ముందు నీళ్ళనే అంటారు, అందులో న్యాయమూ ఉంది. కానీ ఆ పిల్ల మణికట్టు ఎముక ఎక్స్‌రే తీయిస్తే కొసలు చీపురు పుల్లల్లా విచ్చుకుని కనిపించాయి. అది డి విటమిన్ తక్కువైతే వచ్చే జబ్బు.

"పిల్లను ఎండలోకి తీసుకెళ్తారా?" అని అడిగాను.

"ఎండలోకా అండీ? ఇల్లు హైవే పక్కనండీ. లారీల దుమ్ము. పైగా మావాళ్ళేమో రంగు తగ్గిపోద్దని మేడమీద గదిలోంచి కదలనివ్వరండీ" అన్నాడు టైలరు.

డి విటమిన్, కాల్షియం ఇచ్చాను. రోజూ పొద్దున కాసేపు మేడ మీద ఎండలో ఆడించమన్నాను. ఎనిమిది నెలలయ్యేసరికి ఆ పిల్ల నా బల్ల చుట్టూ పరుగెత్తింది. కాళ్ళు పూర్తిగా తిన్నగా కాలేదు గాని, పరుగెత్తింది. పరుగెత్తుతూ నా స్టెతస్కోపు లాక్కుపోయింది. టైలరు నాకు ఒక తెల్ల చొక్కా కుట్టి తెచ్చాడు. మేము ఒకరి దగ్గర ఏమీ తీసుకోని వంశం అని చెప్పి తిప్పి పంపాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ చొక్కా తీసుకుని ఉండాల్సిందనిపిస్తుంది. చక్కటి కాలరు.

ఆ పిల్ల పరుగు చూసినప్పటి నుంచి డి విటమిన్ మీద నాకు ప్రేమ పుట్టింది. ఒక మందు మీద డాక్టరుకు ప్రేమ పుట్టడం ఎంత ప్రమాదమో అప్పుడు నాకు తెలియదు.

రంగు కాగితం

తరువాత మిర్యాలగూడ వచ్చాను. రైసు మిల్లుల ఊరు. పొద్దున ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుంటే మధ్యాహ్నానికి భుజాల మీద నల్లటి ఊక బూడిద. నేను రోజుకు రెండు చొక్కాలు మార్చేవాణ్ణి. మా హెడ్ నర్సు రాహేలమ్మ సిస్టర్ అది చూసి, "సార్, బూడిదకు మీ వంశం సంగతి తెల్వదు, ఏమనుకోకుండ్రి" అనేది. అంత మాట నాతో అనగల మనిషి ఆ దవాఖానలో ఆమె ఒక్కతే. మిగిలినవాళ్ళు నన్ను చాటుగా దొర అనేవారు. పల్లెల నుంచి వచ్చేవాళ్ళు ఎదుటే అనేవారు. నేను ఒక్కసారి కూడా వద్దనలేదు. అది కూడా రాయాలి కనుక రాస్తున్నాను.

2004లో ఒక మందుల కంపెనీ కుర్రాడు వచ్చి పిల్లల డి విటమిన్ చుక్కల సీసా ఒకటి, దానితో పాటు ఒక రంగు కాగితం నా బల్ల మీద పెట్టాడు. ఎండ తక్కువగా ఉండే చలిదేశాల్లో, పసితనంలో ఈ చుక్కలు వేసిన పిల్లలకు తరువాత షుగర్ జబ్బు తక్కువగా వచ్చినట్టు కొందరు గమనించారని అందులో ఉంది. నా ప్రియమైన విటమిన్‌కు ఇంకో గొప్పతనం దొరికింది. కాగితం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ నాకు కావలసిందే చదివాను.

ఇక్కడ కొత్తవాళ్ళకు ఒక మాట. పిల్లలకు ఎక్కువగా వచ్చే షుగర్, పెద్దలకు వచ్చే షుగర్ వేరువేరు. పిల్లల షుగర్‌లో, ఒంట్లో రోగాలతో పోరాడే శక్తి దారి తప్పి, ఇన్సులిన్ తయారుచేసే కణాలనే చంపేస్తుంది. ఆ పిల్లలు జీవితమంతా ఇన్సులిన్ సూదులతోనే బతకాలి. మిఠాయిలు తిన్నందుకు వచ్చేది కాదు. ఎవరికి వస్తుందో ముందుగా చెప్పలేం, రాకుండా ఆపే మందు కూడా లేదు. డి విటమిన్ ఆ దారి తప్పిన శక్తిని కాస్త అదుపులో పెడుతుందేమోనని చదువుకున్నవాళ్ళు అనుమానిస్తున్నారు. అనుమానిస్తున్నారు, అంతే. చుక్కలు వేసే ఇళ్ళలో తిండి, శుభ్రత, వైద్యం కూడా వేరుగా ఉండొచ్చు. తేడా చుక్కల వల్లే వచ్చిందని ఎలా చెబుతాం? ఈ ప్రశ్న రంగు కాగితం వేయలేదు. వేయాల్సింది నేను.

నేనేం చేశానో వినండి. బుధవారం మా దవాఖానలో టీకాల రోజు. తల్లులు పసిపిల్లలతో వరండాలో లైను కట్టేవారు. ఆ లైను చివర చుక్కల సీసా కూడా పెట్టించాను. టీకా వేయించుకున్న ప్రతి పిల్లకూ అక్కడే మొదటి చుక్క వేసి, సీసా చేతికిచ్చి, ఏడాది పాటు రోజూ వేయమని చెప్పేవాళ్ళం. పైగా టీకా కార్డులో అడుగున ఖాళీ ఉంటే అందులో నా ముత్యాల్లాంటి అక్షరాలతో ఇలా రాశాను: డి చుక్కలు వేశాము, షుగర్ రాదు.

రాహేలమ్మ కార్డు చేతిలోకి తీసుకుని చదివింది.

"సార్, ఆ కాగితంల రాదు అనే ఉందా?"

"తక్కువగా వస్తుందని ఉంది."

"మరి తక్కువొస్తది అని రాయకూడదా?"

"సిస్టర్, ఈ తల్లులకు తక్కువ, ఎక్కువ అని చెబితే ఒక్కరూ వేయరు. గట్టిగా చెబితేనే వేస్తారు."

"అయితే గట్టిగ చెప్పుండ్రి. రాయకుండ్రి" అంది ఆమె.

నేను రాశాను. మా పెద్ద డాక్టరు గారు తనిఖీకి వచ్చి లైను చూసి, శభాష్ అని వీపు తట్టారు. ఆ శభాష్ రాహేలమ్మకు వినబడేలా తలుపు తెరిచే ఉంచాను.

రంగు వేసిన గొర్రె

ఆ లైన్లో 2005లో నిలబడిన తల్లుల్లో సైదమ్మ ఒకతె. నిడమనూరు దగ్గరి పల్లె. వాళ్ళకు గొర్రెల మంద ఉండేది. భర్త లింగయ్య, అత్త చౌడమ్మ. ఒడిలో నెలల పిల్ల శ్రావణి. కోతలు అయిపోగానే మందను తోలుకుని కాలువ కింది పొలాలకు పోయేవారు. గొర్రెల ఎరువు కోసం రైతులు మందను తమ పొలంలో నిలుపుకుంటారు. ఈ పొలంలో నాలుగు రోజులు, ఆ పొలంలో వారం. ఇల్లంతా మంద వెంటే కదులుతుంది.

సైదమ్మ కార్డు చదవలేదు గాని అడిగి తెలుసుకుంది. "సారూ, కింద ఏం రాసినవ్?"

"ఈ చుక్కలు వేస్తే నీ బిడ్డకు షుగర్ రాదని."

"ఎప్పటికీ రాదా?"

"రాదు."

ఆమె ముఖం విచ్చుకుంది. రెండు అక్షరాలతో ఒక మనిషిని అంత సంతోషపెట్టగలనని నాకు గర్వంగా అనిపించింది.

ఆమె ఆ మాటను ఎలా అర్థం చేసుకుందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. గొర్రెలకు టీకాలు వేసేటప్పుడు, సూది పడిన గొర్రె వీపు మీద రంగు పూస్తారు. మళ్ళీ అదే గొర్రెకు వేయకుండా గుర్తు. రంగు ఉన్న గొర్రెకు ఆ రోగం రాదు, దాని గురించి ఇక చూసుకోనక్కరలేదు. మందను కాసేవాళ్ళకు అది రోజువారీ లెక్క. నేను చుక్కల సీసాను టీకాల లైన్లో పెట్టాను. టీకా కార్డులో రాశాను. సైదమ్మ లెక్కలో శ్రావణి షుగర్‌కు రంగు పడిన పిల్ల. ఆమె లెక్కలో తప్పేమీ లేదు. రంగు పూసింది నేను.

కార్డు తీసి చూపించింది

2010 ఎండాకాలం. మధ్యాహ్నం పన్నెండు దాటింది. లింగయ్య పిల్లను భుజాన వేసుకుని పరుగున వచ్చాడు. వెనక సైదమ్మ, చౌడమ్మ. ఐదేళ్ళ శ్రావణి కళ్ళు సగం మూసి, గుండెలు ఎగిరేలా లోతుగా ఊపిరి తీస్తోంది. నేను వంగి చూసేసరికి ఆమె ఊపిరిలో బాగా మాగిన పండు వాసన. పరీక్ష చేయకముందే నాకు అర్థమైంది. రాహేలమ్మ పిల్ల వేలి నుంచి రక్తం చుక్క తీసి పరీక్ష చేసింది. నా వైపు చూసింది.

"షుగర్" అన్నాను.

సైదమ్మ కొంగు ముడి విప్పి, ప్లాస్టిక్ కవర్లో మడిచిన కార్డు తీసి నా ముందు పెట్టింది.

"కాదు సారూ. జర మల్ల సూడు. ఇగో, నువ్వే రాసిచ్చినవ్. మా పొల్లకు షుగర్ రాదు."

నా చేతిరాత. ఐదేళ్ళయినా ఒక్క అక్షరం చెదరలేదు.

తరువాత లింగయ్య చెప్పాడు. పది రోజులుగా పిల్ల కుండ కుండ నీళ్ళు తాగుతోంది. నిద్రలో పక్క తడుపుతోంది. ఉచ్చ పోసినచోట చీమలు పడుతున్నాయి. ఎంత తిన్నా ఎండిపోతోంది. ఊరి ఆర్ఎంపీ డాక్టరు ఆరు రోజుల కిందటే షుగర్ చూపించండి అన్నాడు. సైదమ్మ ఈ కార్డు తీసి అతని ముందు పెట్టింది. పట్నం దొర రాసిచ్చిన కార్డు చూసి అతను కూడా వెనక్కి తగ్గాడు. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ పోశారు. నా వాక్యం వల్ల ఆరు రోజులు పోయాయి.

మా దగ్గర పెద్ద ఏర్పాట్లు లేవు. హైదరాబాద్ పంపడం పద్ధతి. కానీ ఆ స్థితిలో పిల్ల ప్రయాణానికి తట్టుకోదనిపించింది. హైదరాబాద్‌లో నాకు చదువు చెప్పిన మేడమ్‌కు ఫోన్ చేశాను. సెలైన్ ఎంత, ఇన్సులిన్ ఎంత, ఏ గంటకు ఏం చూడాలి అని ఆమె చెబుతూనే ఉంది, రాహేలమ్మా నేనూ చేస్తూనే ఉన్నాం. నేను చొక్కా మార్చుకోలేదు. భుజాల మీద బూడిద అలాగే ఉంది.

మర్నాడు పొద్దున శ్రావణి కళ్ళు తెరిచి మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. "అమ్మా, ముంజకాయలు" అంది.

ఎండాకాలం కదా, వచ్చే దారిలో ఎక్కడో తాటి ముంజలు అమ్మేవాణ్ణి చూసి ఉంటుంది. రాహేలమ్మ గది బయటికి పోయి కళ్ళు తుడుచుకుని, లోపలికి వచ్చి, "ఈ దవాఖానల దొరకయ్ బిడ్డా, సార్‌ను పంపుదాం తెస్తడు" అంది. నేను నిజంగానే వెళ్ళి తెచ్చాను. ఎన్ని తినొచ్చో లెక్క కట్టి ఇచ్చాను. నా జీవితంలో నేను మోసిన బరువుల్లో ఆ ముంజకాయల సంచి అంత తేలికైనది ఇంకోటి లేదు.

చెప్పడం రాని మాట

పిల్ల గట్టున పడింది గాని, వార్డులో ఇంకో గొడవ మొదలైంది. చౌడమ్మ కోడలిని ఊపిరి తీసుకోనివ్వడం లేదు.

"తల్లిగారింటికి పోయి నెల్రోజులు చుక్కలు ఎగ్గొట్టినవ్. యాదికుందా? అందుకే నా మనుమరాలికి గీ రోగం. కొడుకా, గిసొంటిదాన్ని ఇంట్ల ఎట్ల పెట్టుకుంటవ్రా?"

సైదమ్మ తల దించుకుని కూర్చుంది. ఆ నెల రోజులే ఆమె కూడా లెక్కపెట్టుకుంటోంది. పిల్లకు రేపటి నుంచి రోజుకు రెండు సూదులు వేయాల్సిన మనిషి ఆమె. తల ఎత్తలేని మనిషి అంత పని ఎలా చేస్తుంది? ఆమె తల ఎత్తాలంటే నేను నా తల దించాలి. మా ఇంట్లో ఆ పని ఎవరూ నేర్పలేదు. మా తాత తనే తప్పు చేసినా ఎదుటివాణ్ణి ఊరు వదిలిపోయేలా చేసేవాడని చెప్పుకునేవాళ్ళు. మేం దాన్ని గొప్పగానే చెప్పుకునేవాళ్ళం.

వార్డులో అందరూ ఉన్నారు. నేను మంచం దగ్గర నిలబడ్డాను.

"చౌడమ్మా, తప్పు నీ కోడలిది కాదు. నాది. ఆ చుక్కలు ఎముకలకు మంచివి. షుగర్‌ను ఆపుతాయో లేదో తెలియకుండానే ఆపుతాయని రాశాను. ఒక్కరోజు కూడా మానకుండా వేసినా ఈ జబ్బు వచ్చి ఉండేదేమో. నా రాత నమ్మి మీరు ఆలస్యం చేశారు. క్షమించండి."

చౌడమ్మ నోరు తెరుచుకుని చూసింది. ఆమెకు ఒక అనుమానం మిగిలింది. "చుక్కలల్ల ఏముంటది దొరా?"

"ఎండలో దొరికేదే. డి విటమిన్."

"ఎండలదా!" చౌడమ్మ కూర్చున్నచోటే తొడ చరుచుకుంది. "నా మనుమరాలు మందల పుట్టి మందల పెరిగింది. ఏసంగి కోతల ఎండంతా దాని నెత్తిమీదికెల్లే పోయింది. ఎండతోనే షుగర్ ఆగేటట్టుంటే గొల్లోళ్ళ పిల్లలకు ఒక్కలకన్న రావొద్దు గదా? ఇంత సదువు సదివినవ్, గిది తోచలేదా నీకు?"

రంగు కాగితం చేయని విమర్శను ఆమె ఒక్క నిమిషంలో చేసింది. వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఒంటి మీది బూడిద కొంత రాలినట్టనిపించింది.

సైదమ్మ మాత్రం నవ్వలేదు. "అయితే ఇగ నా తప్పు లేదా సారూ?" అని అడిగింది.

"లేదు."

"గది కూడ రాసియ్యి" అంది.

కార్డు తీసుకుని పాత వాక్యం కొట్టేసి, కింద రాశాను: ఈ జబ్బు ఎవరి తప్పు వల్లా రాలేదు. చౌడమ్మకు చదివి వినిపించాను. ఆ తరువాత వచ్చిన బుధవారాలన్నీ నేనూ రాహేలమ్మా కూర్చుని, వచ్చిన ప్రతి పాత కార్డు మీదా ఆ వాక్యం కొట్టేశాం. చుక్కల సీసాను టీకాల లైన్లోంచి తీసి నా గదిలో పెట్టాం. రాని తల్లులకు కబురు పంపాం. కొందరు తల్లులు కోప్పడ్డారు. ఒకామె, "మల్ల ఏది నమ్మాలె?" అని కార్డు బల్ల మీద విసిరింది. నేను ఆ కార్డు తీసుకుని దాని మీదా ఆ వాక్యం కొట్టేశాను.

సూదులు వేయడం వచ్చిన తండ్రి

ఇన్సులిన్ వేయడం నేర్పడానికి నేను చాలా సిద్ధమై కూర్చున్నాను. లింగయ్య సిరంజి చేతిలోకి తీసుకుని, గాలి బుడగ తీసి, రెండు వేళ్ళతో చర్మం ఎత్తిపట్టి చూపించాడు.

"గింతేనా సారూ? నేను గొర్రెలకు ఏసుడు ఇయ్యాల కొత్తనా?"

మా కాంపౌండరు కన్నా అతని చెయ్యి నెమ్మది. నేను సంతోషపడి మిగతా విషయాలు మొదలుపెట్టబోయాను. అతను ఆపాడు.

"ఒక్కటి ఏస్తే ఎన్నేండ్లు ఆగుతది?"

"ఒక్క పూట."

చౌడమ్మ గడ్డం మీద చెయ్యి పెట్టుకుంది. "గొర్రెకు ఏడాదికొక్క సూదితోని ఖతం. మనిషి పిల్లకు దినాం రెండా?"

మంచం మీంచి శ్రావణి అంది, "నానమ్మా, నేను గొర్రెనా?"

"గొర్రెవైతే అరవకుండ ఏపిచ్చుకుందువు!"

"నేను అరవ. సూడు కావాలంటే." నిజంగానే అరవలేదు. పళ్ళు బిగబట్టి, నానమ్మ వైపే చూస్తూ వేయించుకుంది. అది పంతం. ఆ పంతం ఎక్కడ కనబడినా నేను గుర్తుపడతాను.

మందతో తిరిగేవాళ్ళకు ఫ్రిజ్ ఎక్కడిది? రాహేలమ్మ ఉపాయం చెప్పింది. పెద్ద కుండలో చిన్న కుండ, మధ్యలో తడి ఇసుక, చిన్న కుండలో ఇన్సులిన్ సీసా. లింగయ్య దాన్ని తన మోపెడ్‌కు వెనక తాడుతో కట్టాడు. కాలువ గట్టున ఎక్కడ ఆగితే అక్కడ ఇసుక తడిపేవాడు.

నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఒకటి. సూది వేశాక వేళకు తినకపోతే ఒంట్లో చక్కెర మరీ తగ్గిపోతుంది. పొలాల్లో పిల్ల కళ్ళు తిరిగి పడిపోతే? ఆ గుర్తులు నేను పుస్తకంలో ఉన్నట్టు చెప్పుకుంటూ పోయాను. చెమట, వణుకు, కోపం, తడబాటు. లింగయ్య విని, "సారూ, మందల ఒక గొర్రె ఎనకబడ్డదంటే దానికి ఏదో అయిందని అర్థం. నేను దినమంతా సూసేది అదే. మా పొల్ల నడకల ఎనకబడితే చక్కెర నోట్ల పెడ్త" అన్నాడు. నేను నా చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను. తరువాత చాలామంది తల్లిదండ్రులకు ఆ గుర్తులు చెప్పాను, కానీ లింగయ్య చెప్పినట్టుగానే మొదలుపెట్టాను.

చుక్కల గురించి నా అభిప్రాయం

కొత్తవాళ్ళు నన్ను అడిగేది ఇదే కనుక సూటిగా చెబుతాను. పసిపిల్లలకు డి విటమిన్ చుక్కలు వేయండి. ఎముకలకు అవి చేసే మేలు నేను కళ్ళారా చూశాను. చెప్పిన కొలతే వేయించండి. రోజుకు వేయాల్సిన కొలత ఒకటైతే, మంచిది కదా అని నాలుగింతలు పోసే ఇళ్ళు నేను చూశాను. ఎక్కువైతే అదే మందు వాంతులు తెస్తుంది, మూత్రపిండాలకు చేటు చేస్తుంది. షుగర్ విషయం అడిగితే, తగ్గిస్తుందేమోనని పరిశోధకులు చూస్తున్నారు, ఇంకా తేలలేదు అని చెప్పండి. ఆ వాక్యం పొడుగ్గా ఉంటుంది. తల్లి ముఖం వెంటనే విచ్చుకోదు. అయినా అంతే చెప్పండి. తల్లులకు చిన్న మాటలే అర్థమవుతాయని నేను అనుకోవడం నా అహంకారం. లింగయ్య, చౌడమ్మ నాకంటే బాగా అర్థం చేసుకున్నారు.

సూర్యాపేటలో ఒక బుధవారం

చివరి మూడేళ్ళు సూర్యాపేటలో పనిచేశాను. 2013లో, కోతలయ్యాక, లింగయ్య మంద పేట దగ్గర పొలాల్లో దిగింది. ఒక బుధవారం సైదమ్మ లైన్లో కనబడింది. ఒడిలో మూడు నెలల ఆడపిల్ల. పక్కన చౌడమ్మ. వాళ్ళ ముందు ఎనిమిదేళ్ళ శ్రావణి, రెండు జడలు, భుజాన సంచి. సంచిలో ఇన్సులిన్ సామాను, రక్తం చూసుకునే చిన్న మిషన్, పంచదార పొట్లం. ఆ పిల్ల ఏడాదిగా తన సూది తానే వేసుకుంటోంది.

బిడ్డను చూసి చుక్కలు రాశాను. సైదమ్మ కాగితం అందుకోలేదు.

"ఇవి దేనికి సారూ?"

"ఎముకలకు."

"షుగర్‌కు?"

"తెలియదు సైదమ్మా. ఇంకా ఎవరికీ తేలలేదు."

చౌడమ్మ ఊరుకుంటుందా? "జుట్టంత తెల్లబడ్డది, ఇంకా తెల్వదంటవా దొరా?"

"ఊకో అత్తా," అంది సైదమ్మ. "తెల్వనిది తెల్వదన్నడు. ఎముకల మాట నిజమే అయి ఉంటది." చెయ్యి చాచి కాగితం తీసుకుంది. మూడేళ్ళుగా ఆ చెయ్యి చాస్తుందో లేదోనని నేను ఎదురుచూశానని ఆమెకు తెలియదు.

పక్కనున్న ఒక చిన్న వయసు తల్లి ఇదంతా విని కంగారుపడింది. "మరి షుగర్ వస్తే మాకెట్ల ఎరుకైతది?" అని నన్ను అడిగింది. నేను నోరు తెరిచే లోపలే శ్రావణి అందుకుంది.

"కుండ కుండ నీళ్ళు తాగుతరు. ఊకె ఉచ్చ పోస్తరు. చీమలు పడ్తయ్. తిన్నా సన్నగైతరు. గట్లయితే అదే దినం రక్తం చూపియ్యాలె. మాకు చుక్కలు ఏసిన్రు, మాకు రాదు అని ఆగొద్దు. మా అమ్మ ఆగింది. నేను సచ్చేదాన్ని."

"ఏం మాటలే అవి!" అంది చౌడమ్మ.

"నిజమే గదా నానమ్మా."

లైన్లో వెనక ఉన్నవాళ్ళు ముందుకు తోసుకొచ్చారు. ఏం చెప్తున్నది, మాకు వినబడ్తలేదు అని ఒకామె. పిల్ల కనబడ్తలేదు అని ఇంకొకామె. శ్రావణి పొట్టిది. నేను లేచి నా కుర్చీని వరండాలోకి లాగి, "దీని మీద ఎక్కి చెప్పు" అన్నాను.

చౌడమ్మ పరుగున వచ్చి మనుమరాలి చెయ్యి పట్టుకుంది. "దొర కుర్చీ ఎక్కుతవానే? దిగు!"

అప్పటికే శ్రావణి చెప్పులు విడిచి ఎక్కేసింది. సంచిలోంచి మిషన్ తీసి పైకెత్తి చూపిస్తూ మొదటి నుంచి మొదలుపెట్టింది. తల్లులు ఒకరి మీదుగా ఒకరు ప్రశ్నలు వేశారు. సూది నొప్పి పుడ్తదా? బడికి పోతవా? పండ్లు తింటవా? నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి, కదిలితే ఊగుతుంది. నేను వెనక నిలబడి, ఆ పిల్ల చెప్పడం అయ్యేదాకా దాన్ని రెండు చేతులతో కదలకుండా పట్టుకున్నాను.